రెండో డ్రైవర్ పేరు

నెల రోజులుగా మా డైనింగ్ టేబుల్ మీద కంచాలు పెట్టే జాగా లేదు. సగం మ్యాపు, సగం మా ఆయన లెక్కల నోట్‌బుక్కు ఆక్రమించాయి. అన్నాలు టీవీ ముందే తింటున్నాం.

మా పెద్దోడు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మూడేళ్ళుగా రమ్మంటే ఈ సెప్టెంబర్‌కు కుదిరింది. రైళ్ళలో తిరుగుదామని వాడన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. "కారు కిరాయికి తీసుకుందాం. ఆల్ప్స్ కొండలల్ల నేనే నడుపుత" అన్నారు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకు కుర్చీకి అతుక్కుపోయిన మనిషి నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క కోరిక. కాదనబుద్ధి కాలేదు.

దారి ఇట్లా వేశారు. మ్యూనిక్ నుంచి ఆస్ట్రియా. అక్కడ గ్రాస్‌గ్లాక్నర్ అనే కొండ రోడ్డు. 1935లో తెరిచిన దారట. 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు. అక్కడి నుంచి ఇటలీ. అక్కడ స్టెల్వియో కనుమ, 2757 మీటర్ల ఎత్తు. ప్రాటో ఊరి వైపు నుంచి ఎక్కితే 48 మలుపులు, ఒక్కో మలుపుకీ నంబరు రాసిన రాయి ఉంటుంది. పైనుంచి ఉంబ్రైల్ కనుమ మీదుగా స్విట్జర్లాండ్‌లోకి దిగి, లీచెన్‌స్టైన్ అనే బుల్లి దేశం దాటి మళ్ళీ మ్యూనిక్. మొత్తం ఐదు దేశాలు. ఈ కనుమలు చలికాలమంతా మంచుతో మూసే ఉంటాయి, అందుకే సెప్టెంబర్ అనుకున్నాం.

ఐదు దేశాలంటే ఐదు వీసాలేమో అని నేను భయపడ్డాను. అన్నిటికీ ఒక్క షెంగెన్ వీసా చాలట. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి దరఖాస్తు పెట్టుకోవాలి. మేము కొడుకు దగ్గర ఎక్కువ రోజులుంటాం కాబట్టి జర్మనీకి. ఒక్కొక్కరికీ కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా ఉండాలి.

కారు సంగతి వేరు. హైవే ఎక్కాలంటే ఆస్ట్రియాలో విన్యెట్ అనే రోడ్డు పన్ను స్టిక్కరు కొనాలి, పది రోజులదైనా దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లో మాత్రం ఒక్కరోజు తిరిగినా ఏడాది స్టిక్కరే, 40 ఫ్రాంకులు. ఇటలీ పాత ఊళ్ళ నడిబొడ్డున కొన్ని వీధుల్లోకి బయటి కార్లు పోకూడదు. తెలియక పోతే కెమెరా పట్టేస్తుంది, జరిమానా తర్వాత వస్తుంది. కారును ఏయే దేశాలకు తీసుకెళ్తామో కిరాయి కంపెనీకి ముందే చెప్పి ఒప్పుకున్నట్టు రాయించుకోవాలి. డిపాజిట్‌కు నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు. బీమా ఉన్నా టైర్లకూ అద్దాలకూ కారు అడుగుభాగానికీ వర్తిస్తుందో లేదో విడిగా చూసుకోవాలి. ఇవన్నీ మా ఆయన నోట్‌బుక్కులో ఎర్ర సిరాతో ఉన్నాయి.

ఆన్‌లైన్ ఫారంలో ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది. అడిషనల్ డ్రైవర్.

"బాబు పేరు రాయండి" అన్నాను.

ఫోన్లో వాడు నవ్వాడు. "అమ్మా, నాకిక్కడ లైసెన్సే లేదు." ఇక్కడ కాపురం పెట్టినవాళ్ళకు మన లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుందట. ఆ తర్వాత రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. వాడు రోజూ రైల్లోనే పోతాడు కాబట్టి ఆ జోలికి పోలేదు. విచిత్రం చూడండి, అక్కడే ఉండేవాడు నడపకూడదు. చుట్టపుచూపుగా పోయే మేము మన లైసెన్సుకు ఇంటర్నేషనల్ పర్మిట్ జతచేసుకుని నడపొచ్చు.

"ఏం పర్లేదు, నేనొక్కణ్ణే చాలు" అని మా ఆయన ఆ గడి దాటేశారు.

నాకు రఘునాథపల్లి గుర్తొచ్చింది.

నిరుడు హైదరాబాద్‌లో పెళ్ళి చూసుకుని వస్తున్నాం. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. ఇన్సులిన్ మాత్రం వేళకు వేసుకున్నారు. జనగామ దాటాక ఏదో అడిగితే జవాబు తేడాగా వచ్చింది. చూస్తే నుదుటి మీద చెమటలు, కారు మెల్లగా పక్క లైనులోకి జరుగుతోంది. "ఆపండి" అని అరిచాను. ఎట్లాగో రఘునాథపల్లి దగ్గర పక్కకు ఆపారు. షుగర్ 52. బ్యాగులో ఉన్న గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటకు తేరుకున్నారు. తేరుకున్నా కనీసం ముప్పావుగంట స్టీరింగ్ పట్టుకోవద్దని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. మేము గంటకు పైగా ఆ రోడ్డు పక్కనే కూర్చున్నాం. లారీలు పోతుంటే కారు ఊగుతోంది.

నాకు సిగ్గనిపించింది దేనికో తెలుసా? ఆ గంటా నా బ్యాగులో, గ్లూకోజ్ డబ్బా పక్కనే, నా డ్రైవింగ్ లైసెన్సు ఉంది. పదకొండేళ్ళ కింద సుబేదారిలో నేర్చుకుని తీసుకున్నది. మొదట్లో రెండుసార్లు నడిపాను. ఒకసారి గేటుకు గీసుకుంది. "రంగు పోయింది కదనే" అన్నారు మా ఆయన. అంతే. ఆయన వద్దనలేదు, నేను అడగలేదు. మనం చాలా పనులు ఇట్లానే మానేస్తాం కదా.

ఆ రాత్రి ఫారం ముందు కూర్చుని, "నా పేరు రాయండి" అన్నాను.

"నువ్వా? ఆడ కుడిపక్కన నడపాలే. స్టీరింగ్ ఎడమపక్కన ఉంటది. హన్మకొండ చౌరస్తానే దాటలేవు నువ్వు."

"రఘునాథపల్లి లాంటిది ఆ 48 మలుపుల మధ్యలో అయితే ఏం చేద్దామండీ?"

ఆయన మాట్లాడలేదు. నోట్‌బుక్కు మూసేసి లేచిపోయారు. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ, "డ్రైవింగ్ స్కూల్‌కు ఫోన్ చేసిన. పదిహేను రోజులు పో" అన్నారు.

పదిహేను రోజులు నయీంనగర్, ములుగు రోడ్డు తిరిగాను. మైదానంలో నడపడం వచ్చేసింది. ఘాట్ సంగతి మన వరంగల్‌లో ఎట్లా తెలుస్తుంది? అందుకే దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం బయల్దేరాం. దర్శనమూ అవుతుంది, పరీక్షా అవుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవి. పులుల అడవి కాబట్టి రాత్రి తొమ్మిదికి గేటు వేసి పొద్దున ఆరింటికి తీస్తారు. గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డు కూడా రాత్రిళ్ళు మూసేస్తారట. ఆ మాట చెప్తే మా ఆయన మొదటిసారి నవ్వారు.

దోమలపెంట దాటాక దిగుడులో స్టీరింగ్ నాది. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. కింది గేరులో వేసి ఇంజన్‌తోనే బండిని ఆపుతూ దిగాలి. అది బాగానే చేశాను. తిరుగు ప్రయాణంలో, ఎక్కుడు మలుపు మీద బండి ఆగిపోయింది. వెనక ఆర్టీసీ బస్సు. కారు అడుగు వెనక్కి జారింది. నా చేతులు వణికాయి. మా ఆయన ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. ఆయన హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి కూడా వేయలేదు. కళ్ళు రోడ్డు మీదే పెట్టి, "తొందరేం లేదు" అన్నారు. బస్సు డ్రైవరు హారన్ కొట్టకుండా ఆగాడు. రెండోసారికి బండి కదిలింది.

ఇంటికొచ్చాక చేసిన మొదటి మార్పు, ఆటోమేటిక్ కారు. కిరాయి ఎక్కువే. ఎక్కుడులో వెనక్కి జారే భయం చాలా తగ్గుతుంది. రెండోది, రోజుకు నాలుగు గంటలకు మించి నడపకూడదు. స్టీరింగ్ పట్టే ముందు ఒకసారి, ప్రతి రెండు గంటలకు ఒకసారి షుగర్ చూసుకోవాలి. మూడోది, ఇన్సులిన్ చేతిసంచిలోనే, డాక్టరు చీటీతో సహా. విమానం కింద సామాన్లలో వేస్తే గడ్డకట్టే ప్రమాదముంది. సకినాలు, చింతకాయ తొక్కు పెట్టెలోకి పోతాయి. నెయ్యి డబ్బా మాత్రం తీసేశాను. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు అక్కడికి తీసుకుపోనివ్వరు.

నిన్న రాత్రి ఆ ఖాళీ గడి నింపాం. మా ఆయనే టైపు చేశారు, పాస్‌పోర్టులో ఉన్నట్టు నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. రెండో డ్రైవర్‌కు రోజుకింత అదనం అని చూపించింది. "దండగ" అంటారేమో అనుకున్నాను. ఆ అంకె నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఈసారి నీలం సిరాతో.

స్టెల్వియో ఎక్కేటప్పుడు స్టీరింగ్ ఆయనదే. అది ఆయన కోరిక, దాన్ని నేను తీసుకోను. దిగేటప్పుడు చూద్దాం.

మీ ఇంట్లో కూడా బీరువాలో చీరల కింద ఒక లైసెన్సు ఉండే ఉంటుంది. ఒకసారి తీసి గడువు తేదీ చూడండి. నేనైతే రోజూ కూరగాయలకు కారులోనే పోతున్నాను. పార్కింగ్ ఇంకా సరిగ్గా రావట్లేదు.