పులులు వాడివి, మేకలు నావి

ఆదివారం గురజాలలో మావాడింట్లో పొద్దుటి నుంచీ పులీమేకా. అరుగు మీద సుద్దతో గీశాం. 3 పులులకి గచ్చకాయలు, 15 మేకలకి చింతపిక్కలు.

చూడ్డానికి రాజ్యం పులులదే. కానీ మేకలన్నీ దిగేదాకా ఒక్కటీ కదలకూడదు, ఆటంతా అక్కడే ఉంది. ఆలోపు రెండు పోయినా గాభరా పడకుండా అంచుల నుంచి జతలుగా పేర్చుకుంటూ వస్తే, పులికి దూకడానికి వెనక ఖాళీ దొరకదు. మావాడికి ఓపిక తక్కువ. పులుల్ని అడిగి మరీ తీసుకుంటాడు, మధ్యాహ్నానికి మూడూ కట్టుబడిపోతాయి.

"పందెం వేద్దాం రా" అన్నాడు. పల్నాడులో అనే మాటేనా అది! కోడిపోరులో ఓడి మలిదేవుడి వాళ్లు 7 ఏళ్లు మాచర్ల వదిలిపోయారని చెప్పుకునే సీమ మనది. చివరికి మిరపకాయ బజ్జీలకి ఒప్పుకున్నా. డబ్బులు వాడే ఇచ్చాడు. ఈసారి అష్టాచెమ్మా అట, గవ్వలైతే తన మాట వింటాయట.