కంచె లేని అడవిలో క్యాంపు!

బ్యాగులో కమలాపండ్లు ఉన్నాయా? అయితే అక్కడే ఆపేస్తారు! జింబాబ్వే ఉత్తరాన, జాంబెజీ నది ఒడ్డున ఉన్న మానా పూల్స్ నేషనల్ పార్కుకు క్యాంపింగ్ కోసం వెళ్లే విద్యార్థి బృందాలు ముందుగా తెలుసుకోవాల్సిన నిబంధన ఇదే. కమలా, నిమ్మజాతి పండ్లంటే ఏనుగులకు ప్రాణం. వాసన తగిలిందా... గుడారాలనూ కార్లనూ కూడా లెక్కచేయవు.

'మానా' అంటే అక్కడి షోనా భాషలో నాలుగు. జాంబెజీ పాత పాయల్లో మిగిలిన నాలుగు పెద్ద మడుగుల వల్లే ఆ పేరు వచ్చింది. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా. ఆ తర్వాత చుట్టుపక్కల కుంటలు ఎండిపోయేకొద్దీ ఏనుగులు, అడవిదున్నలు, జీబ్రాలు, వాటి వెనకే సింహాలు ఇటు దారిపడతాయి. 1984లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

ఇక్కడి క్యాంపులకు కంచె ఉండదు. పగలు పిల్లలు వంట చేసుకున్న చోటే రాత్రి హైనాలు తిరుగుతాయి. మడుగుల్లోని నీటిగుర్రాలు మేత కోసం గట్టెక్కుతాయి. అందుకే చీకటి పడేలోగా మిగిలిన తిండి, చెత్త అంతా వాహనంలో పెట్టి తాళం వేయాలి. గుడారం జిప్పు పూర్తిగా మూసేయాలి. తెల్లారేదాకా కాలు బయటపెట్టకూడదు. పగలు కూడా నీటిగుర్రానికీ నీటికీ మధ్య నిలబడకూడదు. ఈ జాగ్రత్తలే కంచె!

నది ఒడ్డున కనిపించే ఆనా చెట్లది మరో వింత. మన తుమ్మచెట్టుకు దూరపు చుట్టాలివి. వానాకాలంలో ఆకు రాల్చి, ఎండల్లో పచ్చగా ఉంటాయి. మేత కరవైన రోజుల్లో వీటి కాయలే ఏనుగులకు ఆధారం. చాలా ఏనుగులు రాలినవి ఏరుకుని తింటాయి. కొన్ని మగ ఏనుగులు మాత్రం ఏకంగా వెనక కాళ్ల మీద లేచి నిలబడి కొమ్మలు అందుకుంటాయి. సర్కస్‌లో నేర్పిన విద్య కాదు, ఆకలి నేర్పింది!

ఇన్ని జంతువులను చూసినా పిల్లలకు నల్ల ఖడ్గమృగం మాత్రం కనిపించదు. యునెస్కో గుర్తింపు వచ్చేనాటికి ఈ లోయలో అవి వందల్లో ఉండేవి. కొమ్ముల కోసం దొంగ వేటగాళ్లు చంపుకుంటూ పోయారు. బతికిన కొద్దింటినీ 1990ల్లో కాపలా ఉన్న వేరే ప్రాంతాలకు తరలించాల్సి వచ్చింది.

నాలుగు జాగ్రత్తలు పాటిస్తే సింహాలు తిరిగే చోట మనిషి హాయిగా నిద్రపోగలుగుతున్నాడు. మనుషులు తిరిగే చోట ఖడ్గమృగమే బతకలేకపోయింది.