కనపడే చోట చేప ఉండదు

మాది దుమ్ముగూడెం. ఎండాకాలం గోదావరి తేటపడ్డాక, ఆనకట్ట దిగువన నాన్న బల్లెంతో చేపలు పొడిచేవాడు. "కనపడ్డ చోట పొడవకురా, కొంచెం కిందికి చూసి పొడువు" అనేవాడు. దాన్నే వక్రీభవనం అంటారని టెన్త్‌లో తెలిసింది. నాన్నకి చెబితే "దానికీ పేరు పెట్టారా, మంచిదే" అన్నాడు.

థర్డ్ ఇయర్ ప్రాజెక్టుకి నేను తీసుకున్న ఫోటోనిక్ స్పిన్ హాల్ ఎఫెక్ట్ కూడా అలాంటి గొడవే. కాంతికి స్పిన్ ఉంటుంది, కుడివాటం, ఎడమవాటం అని. (1931లో దానికి ప్రయోగంతో ఆధారం చూపించింది సి.వి. రామన్, మన కృష్ణా జిల్లా సూరి భగవంతం. మన సిలబస్‌లో ఆ ముక్క ఎందుకు లేదో!) కాంతి గాజు మీద పడినప్పుడు ఈ రెండూ చెరో పక్కకి జరుగుతాయి. ఎంతా అంటే పదుల నానోమీటర్లు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా కాదు. 2008లో ఇల్లినాయ్‌లో హోస్టెన్, క్వియట్ దాన్ని కొలిచారు. వాళ్లు కూడా వెలుగులో ఎక్కువ భాగం వదులుకునే కొలిచారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా ఎక్కింది.

గాజు మీద సన్నటి బంగారు పొరో, మనం డిజైన్ చేసిన మెటామెటీరియలో పెడితే ఈ జరుగుడు బాగా పెరుగుతుంది. ఇందులో మాయేం లేదు. ఫార్ములాలో రెండు పోలరైజేషన్ల పరావర్తన గుణకాల నిష్పత్తి ఉంటుంది. కింద ఉన్నది సున్నాకి దగ్గరైతే మొత్తం ఎగిరిపడుతుంది. మాట్‌ల్యాబ్‌లో నా గ్రాఫ్ తాటిచెట్టులా లేచింది. రూమంతా గంతులేశా.

తర్వాత రెండో గ్రాఫ్ గీశా. సరిగ్గా ఆ కోణం దగ్గరే తిరిగొచ్చే వెలుగు దాదాపు సున్నా. కింద ఉన్న గుణకం అదే కదా మరి!

"రెండోది ఎవడడిగాడు, తీసెయ్ మామా" అన్నాడు రూమ్మేట్. తీసేశా. రాత్రి నాన్న ఫోన్ చేస్తే "పెద్ద చేపే పడింది నాన్నా" అన్నా.

"తూకం వేశావా?"

ఏం చెప్పాలో తెలీక, నిద్రొస్తోందని పెట్టేశా. ఒంటిగంటకి లేచి ఆ స్లైడ్ మళ్లీ పెట్టా.

సెమినార్‌లో సార్ అడిగిన మొదటి ప్రశ్న అదే: "డిటెక్టర్‌కి ఏమైనా కనపడుతుందా?" స్లైడ్ చూపించా. పెద్దగా మెచ్చుకోలేదు, మార్కులూ అంతంతమాత్రమే. ఇప్పుడు ఆ కోణానికి కొంచెం పక్కకి వచ్చి చూస్తున్నా. జరుగుడు తగ్గింది, వెలుగు పెరిగింది. ఎక్కడ ఆగాలో ఇంకా తేలలేదు.