ఎత్తుపళ్ళ చదువు

మన సంఘం ఉగాది వేడుకల్లో నాకు ప్రతి ఏడూ తప్పని అనుభవం ఒకటుంది. ఒక చేతిలో ఉగాది పచ్చడి, ఇంకో చేతిలో పులిహోర పళ్ళెం పట్టుకుని కుర్చీ కోసం వెతుక్కుంటూ ఉంటాను. ఇంతలో ఎవరో ఒక తల్లి తన పుత్రరత్నాన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి, "నాన్నా, ఆంటీకి నోరు తెరిచి చూపించు" అంటుంది. ఆ కుర్రాడు సిగ్గుతో చచ్చిపోతూ నోరు తెరుస్తాడు. "వీడికి క్లిప్పులు వేయించాలంటారా?" అని ప్రశ్న. పళ్ళెం పక్కన పెట్టి నేనూ తొంగి చూస్తాను. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తూ వచ్చిన నాకు, చదువుకునే రోజుల్లో ఒక పద్నాలుగేళ్ళ పిల్ల నేర్పిన పాఠం ఈసారి మీతో చెప్పుకోవాలనిపించింది.

అసలు నేనీ చదువులోకి రావడానికి కారణం మా అమ్మ. అమ్మకి ఎత్తుపళ్ళు. నవ్వు వస్తే పమిటకొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఎవరూ లేనప్పుడు కూడా అంతే. ఆ పళ్ళు నాకూ వచ్చాయి, కొంగు అలవాటుతో సహా. నా పెళ్ళిచూపులప్పుడు మా పిన్ని చెవిలో చెప్పిన హితబోధ ఒక్కటే: "మూతి బిగించుకుని కూర్చో, నవ్వకు." మా వారు నన్ను మొదటిసారి నవ్వుతూ చూసింది పెళ్ళయ్యాకే. అప్పటికి ఆయన చేయగలిగింది ఏమీ లేదనుకోండి!

హైదరాబాదు ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో బి.డి.ఎస్. పూర్తిచేసి 1989లో చికాగో వచ్చాను. మన డిగ్రీతో ఇక్కడ నేరుగా పని చేయడానికి వీలు లేదని వచ్చాక గానీ సరిగా అర్థం కాలేదు. నేషనల్ బోర్డు పరీక్షలు రెండు భాగాలు రాసి (ఇప్పుడు ఆ రెండూ పోయి ఒకే పరీక్ష వచ్చింది), ఒక డెంటల్ స్కూల్లో విదేశీ డాక్టర్ల కోసం పెట్టిన కోర్సులో చేరి, మళ్ళీ మొదటినుంచీ పళ్ళు చెక్కడం నేర్చుకున్నాను. ఆ తర్వాతే స్పెషాలిటీ. ఆర్థోడాంటిక్స్ కోర్సు స్కూలును బట్టి రెండు నుంచి మూడేళ్ళు ఉంటుంది. మా స్కూల్లో ఉన్నవి నాలుగైదు సీట్లు. 1994లో సీటు వచ్చినట్టు ఉత్తరం అందిన రోజున అరోరా బాలాజీ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాం.

వంకర పళ్ళను సరిచేయడం ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబడింది ఈ దేశపు నడిబొడ్డునే. ఎడ్వర్డ్ ఏంగిల్ అనే ఆయన 1899లో పళ్ళ పొందికలోని లోపాలను మూడు తరగతులుగా విభజించాడు. 1900లో సెయింట్ లూయిస్‌లో ఈ విద్యకంటూ ఒక బడి తెరిచాడు. ఆయన శిష్యుడు అలన్ బ్రోడీ మా చికాగోలోనే, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఈ శాఖను నిలబెట్టాడు. ఏంగిల్ చెప్పిన మూడు తరగతులనే మేమూ మొదటిరోజు వల్లించాం.

మొదటి నెలల్లో మనుషుల జోలికి పోనివ్వలేదు. మైనపు చిగుళ్ళలో గుచ్చిన ఇనప పళ్ళే మా రోగులు. వాటికి బ్రాకెట్లు అతికించి, తీగ వంచి కట్టి, వేడినీళ్ళలో ముంచితే మైనం మెత్తబడి పళ్ళు కదిలేవి. నెలల తరబడి నోట్లో జరిగేది నిమిషాల్లో కళ్ళముందు జరుగుతుందన్నమాట. తీగ వంపులో రవ్వంత తేడా వచ్చినా పన్ను పక్కకి తిరిగి వెక్కిరించేది. నిజం పన్ను నెలకి సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. పన్ను నొక్కిన వైపు ఎముక కరుగుతూ, వదిలిన వైపు కొత్త ఎముక పెరుగుతూ ఉంటుంది. అందుకే తొందరపడి గట్టిగా లాగితే లాభం లేదు, నష్టమే. చిన్నప్పుడు సూది బెజ్జంలో దారం ఎక్కించడానికే విసుక్కునే నాకు ఓర్పు అక్కడే అలవడింది.

ఆ తర్వాత వచ్చింది గీతల చదువు. 1931లో క్లీవ్‌లాండ్‌లో బ్రాడ్‌బెంట్ అనే ఆయన, తలను కదలకుండా పట్టి పక్కనుంచి ఎక్స్‌రే తీసే పద్ధతిని లోకానికి చెప్పాడు. ఆ ఫిలిం మీద పల్చని పారదర్శక కాగితం పరిచి, వెనకనుంచి దీపం వెలుగు పడుతుండగా, సన్నటి పెన్సిలుతో నుదురు, ముక్కు, దవడలు, పళ్ళు గీసి కోణాలు కొలవాలి. ఇప్పుడు కంప్యూటరు చిటికెలో చేసిపెట్టే ఈ పని మీద మేము రాత్రులు గడిపేవాళ్ళం. స్టైనర్ అనే ఆయన 1953లో ఇచ్చిన లెక్క మాకు కంఠస్థం. నుదురూ ముక్కూ కలిసేచోటు నుంచి పైదవడ మీదుగా ఒక గీత గీస్తే, పై ముందు పన్ను దానికి 4 మిల్లీమీటర్లు ముందుండాలి.

నా పళ్ళు నేనే కట్టించుకుందామన్న ఆశతో నా ఎక్స్‌రే కూడా తీయించుకున్నాను. గీసి కొలిచాను. 4 ఉండాల్సిన చోట 9 వచ్చింది. మళ్ళీ కొలిచాను. తొమ్మిదే. పిన్ని చెవిలో చెప్పిన మాటనే స్టైనర్ గారు అంకెల్లో చెప్పినట్టయింది.

అప్పుడే మా అమ్మ నా పురిటికి వచ్చి మా ఇంట్లో ఉంది. భోజనాల బల్ల మీద పడి ఉన్న ఆ కాగితం చూసి, "మా అక్క బొమ్మ నీ దగ్గరెందుకుందే?" అంది. చనిపోయి అప్పటికి పదేళ్ళయిన మా దొడ్డమ్మ! పేరు లేదు, కళ్ళు లేవు, జుట్టు లేదు. ఉన్నది నుదుటి నుంచి గడ్డం దాకా దిగిన పెన్సిలు గీత. దాన్ని పట్టుకుని అమ్మ తన అక్కని గుర్తుపట్టింది. "అది నేనమ్మా" అంటే చాలాసేపు చూసి, "నువ్వు అక్క పోలికే" అంది, కొంగు అడ్డం పెట్టుకుని.

1995 శరదృతువులో మన తెలుగు కుటుంబం ఒకటి మా స్కూలు క్లినిక్కి వచ్చింది. బయట కంటే అక్కడ ఫీజు తక్కువ. విద్యార్థులం చేసేవాళ్ళం, ప్రొఫెసర్లు పక్కన నిలబడి చూసేవాళ్ళు. తల్లి, పద్నాలుగేళ్ళ కూతురు, తెనాలి నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మమ్మ. పిల్లకి కోరపన్ను ఒకటి వరస తప్పి పైకి పొడుచుకొచ్చింది. దానితోబాటు పళ్ళు కాస్త ఎత్తు. నా పళ్ళే, నా మూతే అనుకోండి. అచ్చులు తీశాను, ఫోటోలు తీశాను, గీతలు గీశాను. కొలత 8 వచ్చింది. నాకు సందేహమే కలగలేదు. పైన రెండు, కింద రెండు చిన్న దవడపళ్ళు తీసేసి, ఆ ఖాళీలోకి ముందు పళ్ళను లాగితే పెదవులు లోపలికి వెళతాయి. ఈ పిల్లకి ఎవరూ మూతి బిగించుకోమని చెప్పాల్సిన అవసరం రాదు. అంత చక్కగా ప్లాను రాశాను.

అమ్మమ్మగారు మాత్రం అడ్డం పడింది. "పై పళ్ళు పీకితే కళ్ళు దెబ్బతింటాయంటారు కదమ్మాయ్?" అని. పళ్ళ నరాలు వేరు, కంటి నరం వేరు, ఆ భయమేమీ అక్కర్లేదని నచ్చజెప్పాను. ఆ మాట నిజమే. ఆవిడ భయం పోగొట్టానన్న గర్వంతో ప్లాను పట్టుకుని మా ప్రొఫెసరు గారి దగ్గరికి వెళ్ళాను.

డెబ్బై దాటిన పెద్దాయన. కాగితం వెలుగులో పెట్టి చూసి, "గీతలు చాలా బాగున్నాయి. ఇంతకీ ఈ అమ్మాయి ఏమంటోంది?" అన్నాడు. నేను నోరు వెళ్ళబెట్టాను. తల్లితో మాట్లాడాను, అమ్మమ్మకి నచ్చజెప్పాను. పిల్లని ఒక్క మాట అడగలేదు.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఇలాంటి కొలతలకు బాట వేసినవాళ్ళలో ఒకడైన డౌన్స్ 1948లో తన లెక్కలు కట్టింది 20 మంది పిల్లలను చూసి. 12 నుంచి 17 ఏళ్ళ లోపు తెల్లవారి పిల్లలు, చక్కని పలువరస ఉన్నవాళ్ళు. తర్వాత వేరే జాతుల ముఖాలనూ కొలిచారు. 1969లో నందా ద్వయం ఉత్తర భారతీయుల కొలతలు 'ఏంగిల్ ఆర్థోడాంటిస్ట్' పత్రికలో ప్రచురించారు. "మామూలుకి ఎంత దూరమో కొలత చెబుతుంది. ఆ దూరం రోగమో కాదో చెప్పదు" అన్నాడాయన.

తిరిగి వచ్చి పిల్ల పక్కన కూర్చుని అడిగాను. "ఈ పన్ను లోపలికి వస్తే చాలు ఆంటీ. మిగతావి అమ్మమ్మవి కదా" అని నవ్వింది. ఎదురుగా అమ్మమ్మ కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. పిల్ల చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది. ఆ పిల్ల నవ్వు దాచుకోవడం లేదు! లేని బాధకి నేను మందు రాశాను. ఆ బాధ నాది, మా అమ్మది. ఇరవై ఏళ్ళ కిందట నాకు జరగాల్సిన వైద్యం ఈ పిల్లకి చేయబోయాను, అదీ నాలుగు మంచి పళ్ళు తీసి.

పళ్ళు తీయకుండానే వరసను కాస్త వెడల్పు చేసి, పళ్ళ మధ్య కాగితమంత మందం అరగదీసి, కోరపన్నును దాని చోటికి దించాం. పెదవులు ఇలాగే ఉంటాయని ముందే ముగ్గురికీ వివరంగా చెప్పాను. ఇరవై రెండు నెలలు పట్టింది.

అయితే పళ్ళు తీయడం తప్పని నేననడం లేదు. ఈ తగవు వందేళ్ళుగా ఉంది. ఏంగిల్ పన్ను తీయడానికి వీల్లేదన్నాడు. ఆయన శిష్యుడు ట్వీడ్ గురువు మాట ప్రకారం చేసి, ఫలితాలు నచ్చక, పళ్ళు తీసి మళ్ళీ వైద్యం చేశాడు. పెదవులు మూతపడక బాధపడేవాళ్ళకి, నవ్వలేక కుమిలిపోయేవాళ్ళకి నేనూ తీయించాను, వాళ్ళు సంతోషించారు. నా పళ్ళు మాత్రం అలాగే ఉంచుకున్నాను. అమ్మ గుర్తుపట్టిన ఆ కాగితం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఇక వేడుకల్లో అడిగేవాళ్ళకి నా జవాబులు ఒక్కచోట రాసేస్తాను, ఈసారైనా పులిహోర తిననిస్తారని. పిల్లలకి ఏడేళ్ళ వయసులో ఒకసారి చూపించండి. చూపించడమంటే క్లిప్పులు వేయించడం కాదు. క్లిప్పులున్నన్నాళ్ళూ జంతికలు, చెగోడీలు, వేరుశెనగ ఉండలు మానాలి. పసుపు వేసిన కూరలకి తెల్ల రబ్బరు రింగులు పచ్చబడతాయి, కంగారు పడకండి, మారుస్తాం. క్లిప్పులు తీశాక ఇచ్చే రిటైనరు పెట్టుకోకపోతే పళ్ళు మళ్ళీ పాత దారి పడతాయి. అన్నిటికంటే ముందు, నోరు తెరిపించేలోగా పిల్లల్ని ఒక మాట అడగండి.

కిందటేడు ఆ తెనాలి అమ్మమ్మగారి మనవరాలు నా దగ్గరికి వచ్చింది. పక్కన పదకొండేళ్ళ కూతురు. అదే మూతి, అదే కోరపన్ను. తల్లి ఏదో చెప్పబోతుంటే ఆపి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "నువ్వు చెప్పమ్మా" అన్నాను.