తొలిగుడ్డు

సంక్రాంతి సెలవులకు కొత్తపల్లెకు పోయినా. పోయిన రోజే మాయమ్మ గంప ఎత్తి చూపించింది. "నిన్నటి నుంచి గింజ ముట్టలేదు మే. ఊరికే ముక్కుతాంది. గుడ్డు అడ్డం పడినట్టుంది."

ఎర్రపెట్ట. ఆరు నెల్లది. తొలిగుడ్డు పెట్టే ఈడు. తోక దించుకోని మూలన కూచోనుంది. లేపితే కాళ్లు ఎడంగా ఏసి నడుస్తాంది. జుట్టు పాలిపోయింది.

సంచిలో పెట్టుకోని పశువుల ఆస్పత్రికి పోయినాం. అక్కడుండే ఆయన మొదట అడిగింది పెట్ట గురించి కాదు, "మీదే వీధి?" అని. మాయమ్మ చెప్పింది. "కోడికి వైద్యమేంది? కోసుకోని తినకపోయినారా, మీకేం కొత్తనా?" అని నవ్వినాడు. నేను గవర్నమెంటు టీచర్నని నోటిదాకా వచ్చింది. మింగేసినా. నేను టీచర్ని కాకపోతే మాయమ్మ పెట్టకు వైద్యం అక్కరలేదా?

నా పదో తరగతి పరీక్ష ఫీజు గుడ్లమ్మి కట్టిందే. డిగ్రీలో చేరేటప్పుడు కొన్న రేకుపెట్టె రెండు పుంజుల దుడ్డుతో వచ్చిందే. మేం గుడ్డు తిన్నది తక్కువ, అమ్మింది ఎక్కువ. ఆ మాట ఆయనకేం తెలుసు?

ఇంటికొచ్చి మాయమ్మ నీళ్లు కాచింది. మోచెయ్యి ముంచి చూసి, గోరువెచ్చగా అయినాక బేసిన్లో పోసింది. కడుపు మునిగేదాకా పెట్టను అందులో పట్టుకోని కూచున్నా. పావుగంట. మొదట గింజుకునింది, తరువాత నా చేతుల్లోనే కండ్లు మూసింది. తుడిచి, గుడ్డొచ్చే దారి చుట్టూ ఆముదం రాసింది మాయమ్మ. నేను కడుపు ఒత్తబోతే కసిరింది. "ఒత్తొద్దు! లోపల పగిలితే పెంకు కోసేస్తది, పెట్ట బతకదు. దాన్నే ముక్కనీ. జేజి చెప్పలేదా?"

మా జేజి మంత్రసాని. పైవీధిలో ఎంతోమంది ఆమె చేతుల్లో పడినోళ్లే. నొప్పులొస్తే అర్ధరాత్రయినా మా వాకిట్లోకి లాంతరు వచ్చేది. కాన్పయ్యేదాకా ఆ చేతులు కావాల. బొడ్డు కోసి, మాయ పూడ్చి, నెత్తురు గుడ్డలు ఉతికినాక పెరట్లో నిలబెట్టి కొంగులో జొన్నలు పోసేటోళ్లు. ఆమె గడప దాటంగానే ఆ గది కడిగి పసుపునీళ్లు చల్లేటోళ్లు. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ కబురు ఆ పెరటిదాకా రాలేదు. 2005లో జననీ సురక్ష యోజన వచ్చినాక కాన్పులు ఆస్పత్రులకు మళ్లినాయి. జేజిని పిలిచేటోళ్లు లేకపాయ.

"ఆడదానికైనా పెట్టకైనా తొలికాన్పు గండమే. ఎచ్చన చెయ్యి, ఓపిక పట్టు, ఆత్రపడి చెయ్యి పెట్టొద్దు" అనేది జేజి.

పొయ్యి పక్కన గంప కింద పెట్టి గోనెసంచి కప్పినాం. దీపాలు పెట్టే యాలకు గుడ్డు పడింది. పెంకు పలచన, పైన నెత్తుటి చార. పెట్ట లేచి నీళ్లు తాగింది. మాయమ్మ గుడ్డును చూడలేదు, పెట్టనే చూసింది.

గుడ్డు పెంకు దాదాపు అంతా సున్నమే. ఒక్క పెంకు కట్టడానికి కోడి ఒంటికి ఇరవై గంటలు పడతాది. గుడ్డును బయటికి నెట్టే కండరాలకూ ఆ కాల్షియమే కావాల. అది చాలకపోతే పెంకు పలచనవుతాది, నెట్టే బలమూ తగ్గుతాది. బేతంచెర్ల నాపరాయి మా జిల్లాదే. అది సున్నపురాయే. మా నాయన కూలికి పోయి కొట్టింది ఆ రాళ్లే. అంత సున్నపురాయి ఉన్న సీమలో మా పెట్టకు సున్నం చాలకపాయ. మరుసటి రోజు నుంచి మాయమ్మ పాత గుడ్డు పెంకులు ఏంచి, పొడి చేసి నూకల్లో కలిపి పెట్టింది. అదీ జేజి చెప్పిందే.

సెలవులయినాక బడిలో కాల్షియం పాఠం వచ్చింది. పుస్తకంలో పండ్లూ ఎముకలే ఉన్నాయి. నేను ఎర్రపెట్ట సంగతి చెప్పినా. పిల్లోళ్లు కదలకుండా విన్నారు. ఒక పిల్ల లేచి, "ఇదంతా మీకెవరు చెప్పినారు టీచర్?" అని అడిగింది.

ఆస్పత్రిలో మింగిన మాట గుర్తొచ్చింది. "మా జేజి. మాదిగోళ్ల మంత్రసాని" అన్నా.

ఉద్యోగంలో చేరినాక తరగతిలో ఆ మాట అనడం అదే మొదలు. వెనక బెంచీలో ఒక పిల్లోడు తలెత్తి నా వంక చూసినాడు. వాళ్లవ్వ కూడా మంత్రసానేనని బడి వదిలినాక వచ్చి చెప్పినాడు.