కమలాపూర్‌లో రెండు చందమామలు

ఏనుగులను చూపిస్తానని చెప్పి పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరాను గాని, నిజానికి ఏనుగులు మిష మాత్రమే. నాకూ మా పెద్ద మనవడికీ నాలుగు నెలలుగా మాటలు తగ్గిపోయినాయి. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కంచాల వరుసలో కూర్చుంటూ, తాతా మనవడూ ముఖాలు తప్పించుకు తిరగడమంటే అది ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది.

తప్పు ఎవరిదని మీరు అడిగితే, అప్పట్లో వాడిదేనని చెప్పి ఉండేవాణ్ణి. మేము నాగపూరు వచ్చి నలభై యేళ్ళు దాటింది. ఇంట్లో తెలుగు మాట్లాడతాము. పిల్లలు బడిలో ఇంగ్లీషు, మరాఠీ, హిందీ చదువుకుంటారు. తెలుగు అక్షరం మాత్రం వారికి గోడ మీద గీతతో సమానం. నా గదిలో ఒక బీరువా నిండా తెలుగు పుస్తకాలున్నాయి. నా తరువాత వాటిని తెరిచేవారెవరన్న దిగులు పట్టుకుంది. దానితో ప్రతి ఆదివారం పొద్దున పెద్దబాలశిక్ష ముందు పెట్టి, ఒక పేజీ చూచి వ్రాసిన తరువాతనే క్రికెట్టుకు పంపుతానని శాసనం చేశాను. ఆరు వారాలు సాగింది. ఏడో ఆదివారం పుస్తకం కనబడలేదు. ఇల్లంతా వెదికితే చివరకు మా కోడలికి బియ్యం డబ్బాలో అడుగున దొరికింది. నేను చేయి చేసుకున్నాను. వాడు ఏడవలేదు, తల వంచుకుని నిలబడ్డాడు. "మామయ్యగారూ, ఇక వాణ్ణి వదిలేయండి" అన్నది కోడలు, మెల్లిగానే. ఆ మెల్లిదనమే నాకు ఎక్కువ తగిలింది.

సరే, దీపావళి సెలవులు వచ్చాయి. మా అక్క కమలాపూరులో ఉంటుంది. వెళ్ళి చూచి చాలా కాలమైంది. మనవణ్ణీ, వాడి చెల్లెల్నీ తీసుకుని పోదామనుకున్నాను. చంద్రపూరు, బల్లార్షా దాటి ఆలాపల్లి చేరేసరికి రోడ్డుకు రెండు ప్రక్కలా టేకు అడవి మొదలైంది. అక్కడినుంచి సిరొంచ వైపు పోయే రోడ్డు సంగతి నేను వ్రాయను. ఆ రోడ్డున పోయినవారికి చెప్పనక్కరలేదు, పోనివారికి చెప్పినా తెలియదు. రేపన్‌పల్లి దగ్గర పెద్దరోడ్డు వదలి లోపలికి తిరిగాము. చిన్నది నా ఒడిలో నిద్రపోయింది. వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, దారి పొడుగునా.

కమలాపూరు గడ్చిరోలి జిల్లాలో అహేరి తాలూకాలోది. మహారాష్ట్రలో అటవీశాఖవారి ఏనుగుల శిబిరం ఉన్న ఊరుగా దానికి పేరు. ఒకప్పుడు అడవిలో నరికిన టేకు దుంగలను లాగించడానికి ఏనుగులను పెంచారు. ఇప్పుడు వాటికి ఆ చాకిరీ లేదు, చూడవచ్చేవారికి కనబడటమే పని. 2022 లో ఈ ప్రాంతపు ఏనుగులను గుజరాతుకు తరలించే మాట వచ్చినప్పుడు ఊరివారు గట్టిగా అడ్డు చెప్పారు. "మా ఇంటి పిల్లలను పంపినట్టుంటది" అంటుంది మా అక్క.

ఊళ్ళో వీధి చివరినుంచి మా అక్క గుమ్మం దాకా నడిస్తే మూడు భాషలు వినబడతాయి. మాడియా గోండులు తమ మాట మాట్లాడుకుంటారు. బడిలోనూ కచేరీలోనూ మరాఠీ. ఇళ్ళలో చాలాచోట్ల తెలుగు, అదీ కరీంనగరం వైపు తెలుగు. ఈ తెలుగు నిన్న మొన్న వలస వచ్చినది కాదు. సిరొంచ 1860 నుంచి ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉండేది. 1874 లో ఆ జిల్లాను రద్దు చేసినప్పుడు భద్రాచలం వైపు తాలూకాలు మద్రాసు రాజధానికి పోయినాయి, సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. తరువాత 1960 మే 1 న మహారాష్ట్ర ఏర్పడింది, 1982 లో చాందా నుంచి గడ్చిరోలి జిల్లా విడివడింది. కాగితం మీద గీసిన ఆ గీతల వల్లనే భద్రాచలం పిల్లవాడు తెలుగులో చదువుతాడు, సిరొంచ పిల్లవాడు మరాఠీలో చదువుతాడు. ఇద్దరూ అమ్మను అమ్మా అనే పిలుస్తారు.

మా అక్కకు పెళ్ళి కాకముందు మా నాన్న తెలుగు చదవడం వ్రాయడం నేర్పాడు. బావ చదివింది మరాఠీ బడిలో. అడవిలో కలప డిపో దగ్గర లెక్కలు వ్రాసి ఉద్యోగం ముగించుకుని ఆ ఊళ్ళోనే స్థిరపడ్డాడు. నా చిన్నతనంలో, సెలవులు వచ్చినప్పుడల్లా చందమామలు మూటగట్టి నన్ను అక్క దగ్గరకు పంపేవారు. కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున నాటుపడవ ఎక్కి అవతలి గట్టున సిరొంచలో దిగేవాణ్ణి. ఇప్పుడు అక్కడ వంతెన ఉంది. అప్పుడు పడవవాడు, "మూటలో బెల్లమా?" అని అడిగేవాడు. పుస్తకాలంటే నవ్వేవాడు. 1935 లో పాటూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారని పెద్దయ్యాక చదివాను. నా మూట ఆ పడవకు సరితూగదు గాని, నేనూ నీళ్ళ మీద పుస్తకాలు మోసినవాణ్ణేనని లోలోపల కాస్త గర్వం.

మేము చేరిన రాత్రి అన్నాలు కాగానే కరెంటు పోయింది. అది అక్కడివారికి కొత్త కాదు. బావ అరుగు మీద చాప పరిచి, ఛార్జింగు లైటు ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. అక్క మనవలిద్దరూ, ప్రక్కింటి పిల్లలూ, మాడియా కుర్రవాడొకడూ ఎవరూ పిలవకుండానే వచ్చి చుట్టూ చేరారు. బావ చేతిలో అట్ట చిరిగిన పాత పుస్తకం. చూస్తే అది 'చాందోబా'.

పాతతరం పాఠకులకు చెప్పనక్కరలేదు. చందమామ 1947 జూలైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు దాన్ని పెట్టారు. కొడవటిగంటి కుటుంబరావుగారు చాలా యేళ్ళు దాన్ని తీర్చిదిద్దారు. 1952 లో మరాఠీలో వచ్చినప్పుడు దానికి చాందోబా అని పేరు పెట్టారు. ఇప్పుడు ఏ భాషలోనూ కొత్త సంచిక రావడం లేదు. ఉన్నవల్లా ఇటువంటి అరుగుల మీద నలిగినవే.

బావ చదవడం మొదలుపెట్టాడు. నేను చెవులు రిక్కించాను. కళ్ళు చూస్తున్నది మరాఠీ అక్షరాలను, నోరు పలుకుతున్నది తెలుగును! ఎక్కడా ఆగడు, తడుముకోడు. మాడియా కుర్రవాడి ముఖం అయోమయంగా కనబడితే వాడికోసం ఒక గోండు మాట వేస్తాడు. పిల్లలు నవ్వుతారు. అది బేతాళ కథ. చివర శవంలోని బేతాళుడు రాజును ప్రశ్న అడిగే చోటికి రాగానే, బావ పుస్తకం మూసి, "జవాబు రేపు. ఎవనికి తోచింది వాడు ఆలోచించుకోండ్రి" అని లేచాడు. అరుగు మీద గోల. తప్పు రాజకుమారిదని ఒకడు, కాదు మంత్రి కొడుకుదని ఇంకొకడు. అందరికంటె పెద్ద గొంతు ఎవరిదనుకున్నారు? మావాడిది. నాలుగు నెలల తరువాత వాడి గొంతు అంత పెద్దగా విన్నాను.

ఆ రాత్రి అక్కకు బియ్యం డబ్బా సంగతి చెప్పాను. నా పక్షం మాట్లాడుతుందనుకున్నాను. విని, తమలపాకు మడుస్తూ, "తమ్మీ, నువ్వు పోరనికి బువ్వ పెట్టకుండ పళ్ళెం తోమిస్తున్నవ్ గదరా" అన్నది.

నాకు కోపం వచ్చింది. అక్షరాలు రాకపోతే పుస్తకం ఎట్లా చదువుతాడని వాదించాను. నీకు చదువెట్లా వచ్చిందని అడిగింది. నాన్న నేర్పాడన్నాను. కాదట. నాకు నాలుగేళ్ళప్పుడు నాన్న రోజూ దీపం ముందు కూర్చుని పైకి చదివేవాడట, నేను ఆయన తొడ మీద పడుకుని వినేవాణ్ణట, అక్షరాలు ఆ తరువాత సంగతట. నాకు ఆ తొడ గుర్తుంది. ఆయన పంచెకు నశ్యం వాసన గుర్తుంది. చదివినదేమిటో గుర్తులేదు. మరి నేను నా మనవణ్ణి ఎన్నిసార్లు తొడ మీద పడుకోబెట్టుకుని చదివాను? ఒక్కసారి కూడా లేదు. నాకు ఆఫీసు ఉండేది. తరువాత బీరువా ఉండేది.

తెల్లవారి లేచేసరికి మావాడు అరుగు మీద ఒంటరిగా కూర్చుని చాందోబా తిరగవేస్తున్నాడు. జవాబు వెదుక్కుంటున్నాడన్నమాట. కాని ఆ సంచికకు ఆఖరి ఆకు లేదు. ఎప్పుడో మేక తిన్నదని బావ అన్నాడు. మేకే తిన్నదో, బావే చింపి దాచాడో నేను అడగలేదు. అక్క లోపలినుంచి ట్రంకుపెట్టె తెరిచి ఒక కట్ట తెచ్చి వాడి ముందు పడేసింది. నేను పడవలో మోసిన చందమామలు! ఆ కథ ఉన్న సంచిక కూడా అందులో దొరికింది. బొమ్మలు అవే, కథ అదే. అక్షరాలు మాత్రం వేరు.

"తాతా, ఇది చదివి పెట్టు" అని వాడు నా దగ్గరకు వచ్చాడు.

నా నోటి చివర "ముందు నువ్వు అ ఆ లు చెప్పు" అన్న మాట వచ్చి నిలబడింది. తలుపు దగ్గర అక్క నా వైపే చూస్తున్నది. మాట మింగి, చదివాను. రాజు జవాబు వాడికి నచ్చలేదు. ఇంకోసారి చదవమన్నాడు. ఈసారి వేలు పెట్టి, "విక్రమార్కుడు ఎక్కడున్నాడు ఇందులో?" అని అడిగాడు. చూపించాను. వాడు పేజీ అంతా గాలించి ఆ మాట ఉన్న చోట్లన్నీ పట్టుకున్నాడు. మరాఠీ పేజీలో పేరు, తెలుగు పేజీలో పేరు ప్రక్కప్రక్కన పెట్టుకుని, "వి ఇది, క్ర ఇది" అని తనలో తాను గొణుక్కున్నాడు. 1799 లో ఈజిప్టులో దొరికిన రొసెట్టా రాయిని షాంపోలియన్ పండితుడు 1822 లో విప్పినప్పుడు రాజుల పేర్లతోనే దారి దొరికిందంటారు. మావాడికి ఆ సంగతి తెలియదు. నేను చెప్పనూ లేదు. అతి కష్టం మీద నోరు మూసుకున్నాను సుమా!

అన్నట్టు ఏనుగులు. మీరు అడుగుతారని తెలుసు. రాత్రిళ్ళు వాటిని అడవిలోకి మేతకు వదిలేస్తారు. పొద్దున మావటివారు వెదికి తోలుకువస్తారు. మేము ఒక మావటి వెంట కొంత దూరం పోయాము. మంచు ఇంకా విడలేదు. అతడు నేల చూస్తూ నడుస్తాడు. గడ్డిలో గొలుసు ఈడ్చిన జాడ, విరిగిన వెదురు కొమ్మ, పచ్చి పేడ, చెట్టు మొదట గీరుకున్న బురద. ఒకచోట ఆగి, ఇక్కడ నిలబడి మేసింది, పిల్ల ఇటు పోయింది అని చెప్పాడు. మా చిన్నది, "అక్కడ ఏమి వ్రాసి ఉంది తాతా?" అని అడిగింది. బావకు నవ్వు ఆగలేదు. శిబిరానికి వచ్చాక వాటికి స్నానం చేయించి, వండిన అన్నంలో బెల్లమూ నూనే ఉప్పూ కలిపి ముద్దలు పెట్టారు. ఏటా జనవరిలో కొన్నాళ్ళు వాటికి సెలవట. అప్పుడు అడవి మూలికలు ఉడికించి, వేడివేడిగా పాదాలకు పట్టిస్తారట. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నాకు అటువంటి సెలవు ఎవరూ ఇవ్వలేదు.

అయిదు రోజులున్నాము. బావ ప్రతి రాత్రీ ప్రశ్న దగ్గరే ఆపాడు. నాలుగో రాత్రి గొంతు పట్టిందని నన్ను చదవమన్నాడు. నేను తెలుగు చందమామే చదివాను, అంతే తేడా. మాడియా కుర్రవాడి కోసం గోండు మాట వేయడం నాకు చేతకాలేదు. ఆ పని అక్క మనవరాలు చేసింది.

బయలుదేరేటప్పుడు అక్క ఆ కట్టలో సగమే ఇచ్చింది. తక్కినవి వేసవి సెలవులకు వస్తేనేనట. మనవడు బేరమాడాడు గాని లాభం లేకపోయింది.

నాగపూరు వచ్చి ఇప్పటికి మూడు వారాలు. పెద్దబాలశిక్ష బియ్యం డబ్బాలోంచి వచ్చినా, మళ్ళీ బీరువా ఎక్కింది. దాన్ని నేను దించలేదు. రాత్రి తొమ్మిదింటికి నా మంచం మీద ముగ్గురం ఇరుకుతాము. నేను చదువుతాను, ప్రశ్న రాగానే ఆపుతాను. వాడు తగాదా పెట్టుకుంటాడు. మొన్న రాత్రి దీపం ఆర్పబోతుంటే చందమామ లాక్కుని ఒక మాట దగ్గర వేలు పెట్టి, "తాతా, ఇది ప నా, వ నా?" అన్నాడు.

కళ్ళజోడు తీసేశాను గనుక నాకూ కనబడలేదు. కళ్ళజోడు వెదకమని చిన్నదాన్ని పంపాను. ఆ లోపల వాడే, "తలకట్టు అంటలేదు, ప" అని తేల్చుకుని అటు తిరిగి పడుకున్నాడు.