ఊడ్వని మూల

పెరడనగా తులసికోటయు, బావిగట్టును, కరివేపచెట్టును, బట్టలారవేయు దండెమును గల స్థలమని మనవారి నిశ్చయము. ఆ స్థలమును అనాదిగా, అద్దె చెల్లింపకయే, అనుభవించుచున్న కాపురస్థులు వేరొకరు గలరను సంగతి, నేలయంతయు సిమెంటు పరచి వారినందరను వెళ్లగొట్టిన పిదపగాని పలువురకు తోచదు. తేనెటీగలన్నియు పట్టు పెట్టునవి గావు. మట్టిలో సన్నని బొరియ త్రవ్వుకొని, రాణియు సేనయు లేక, ఒంటరిగా సంసారము నీడ్చు జాతులు పెక్కులు గలవు. వానికి కావలసినదెల్ల ఎండ తగులు బోసినేల జానెడు; ఆ జానెడును పరిశుభ్రత పేరిట మనమే కప్పివేసితిమి.

అందుచేత మా పెరటి వాయవ్యమూలను ఊడ్వవలదని యింట శాసనము చేసితిని. ఈశాన్యము కాకపోవుటచే వాస్తు వెరిగిన బంధువుల యాక్షేపణ కొంత తగ్గినది. రాలిన యాకు రాలినచోటనే కుళ్లుచుండ, ఎండుకొమ్మను తుమ్మెద తొలిచి గూడు చేసికొనుచుండ, పిలువకయే మొలచిన తుమ్మియు జిల్లేడును పూయుచుండ, ఆ మూల నానాటికి సందడి హెచ్చినది. జిల్లేడాకును పసుపు, నలుపు, తెలుపు చారల గొంగళిపురుగు నిర్భయముగా మేయును. జిల్లేడు పాలలోని విషమును తన యొడలనే నిలువచేసికొనుటచే పక్షులు సాధారణముగా దాని జోలికి పోవు, అది నారింజవన్నె సీతాకోకచిలుకయైన పిదపను పోవు.

కాని నన్ను గంటలకొలది నిలువబెట్టినది గోడమీది కందిరీగ. కీటము భ్రమరమునే భయముతో ధ్యానించి తుదకు తానే భ్రమరమగునని వేదాంతులు భ్రమరకీటన్యాయమును చెప్పుదురు గదా! ఆ భ్రమరము ఇట్టి కందిరీగయే కాబోలు. ఆ సన్ననడుము కందిరీగ, తడిమట్టి యుండలను నోట కరచి తెచ్చి, కూజావంటి చిన్న పాత్రను కట్టి, దాని లోకప్పునుండి సన్నని దారముతో గ్రుడ్డునొకదానిని వ్రేలాడగట్టి, పిమ్మట గొంగళిపురుగులను చంపక, పారిపోలేకుండునట్లు మాత్రము పొడిచి, ఒకటొకటిగా లోపల క్రుక్కి, మూతి మూసి పోవును. కొన్నాళ్లకు ఆ పాత్రకు రంధ్రము చేసికొని కందిరీగయే వెలువడును. పూర్వులు చూచినంతవరకు సరిగనే చూచిరి. లోపల జరిగినది మాత్రము ధ్యానము గాదు, భోజనము.

ఆ వ్రేలాడు గ్రుడ్డు మర్మమును, పొరలుచుండు పురుగుల తాకిడినుండి తప్పించుటకై తల్లి పన్నిన యుపాయమని, ఫ్రాన్సు దేశీయుడగు ఫాబ్రే వివరించెను. ఆయన 1879లో సెరిన్యాను గ్రామమున సేద్యమునకు కొరగాని రాతినేలను సంపాదించి, ముండ్లపొదలను కీటకములకే విడిచి, 1915లో మరణించువరకు అచ్చటనే నివసించెను. ఊడ్వని మూలకు అంతకంటె గొప్ప ప్రమాణము నాకు దొరకలేదు; ఇంట నది చెల్లుబాటగుట వేరు సంగతి.

కరివేపచెట్టు విషయమున మాత్రము సంధి సులభముగా కుదురలేదు. దానిపై నల్లరెక్కల సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టును. పుట్టిన పురుగు మొదట పక్షిరెట్టవలె నటించి, పెరిగి పచ్చనై, వ్రేలితో తాకినంతనే మెడనుండి ఎర్రని జంటకొమ్ములు చాచి ఘాటైన వాసన విడుచును. ఈ విచిత్రమును వర్ణింపబోగా, “పోపులోకి రెబ్బ లేదండీ, ముందు దాని సంగతి చూడండి” అని మా యావిడ యడ్డుపడినది. తుదకు ఆ చెట్టు పిలకనొకదానిని వాయవ్యమూల నాటి, పురుగు కనబడినపుడెల్ల రెబ్బతోగూడ అచ్చటికి తరలించునట్లు ఒడంబడిక జరిగినది. సీతాకోకచిలుకలు మాత్రము దీనిని అంగీకరింపక, గ్రుడ్లు పెట్టుటకు నేటికిని వంటింటి చెట్టునకే వచ్చుచున్నవి.